వరిబీజం ఆపరేషన్లపై సర్జరీ పీజీ థీసిస్: సినాప్సిస్ నుంచి సబ్మిషన్ దాకా నా అనుభవం

2025 జూన్‌లో నా ఎంఎస్ జనరల్ సర్జరీ థీసిస్ సబ్మిట్ చేశాను. అంశం వరిబీజం, అంటే హైడ్రోసీల్ ఆపరేషన్. వృషణం చుట్టూ నీరు పట్టిన సంచిని తిరగేసి వెనకాల కుట్టే జబూలే పద్ధతి ఒకటి, సంచిని చుట్టూ కోసి తీసేసే పద్ధతి ఇంకొకటి. ఫైలేరియా ఉన్న మన గోదావరి డెల్టా రోగుల్లో మొదటి నెల రోజులు ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఆరు నెలలకి దేనిలో నీరు తిరగబెడుతుంది అన్నది ప్రశ్న. ఫలితాలు ఇక్కడ రాయడం లేదు, అవి పేపరుగా రావాలి. ఈ పని ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, జేబులోంచి ఎక్కడ డబ్బు పోతుంది అన్నవే రాస్తున్నాను. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, ఏలూరు వైపు కొత్తగా చేరిన పీజీలు అడుగుతున్నవి కూడా ఇవే.

ఆపరేషన్ ఈ మొత్తం పనిలో తేలికైన భాగం. ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి మళ్లీ వచ్చి మన ముందు నిలబడితేనే పరిశోధన. కింద రాసిన జాగ్రత్తల్లో సగం అందుకోసమే.

2022 నవంబరులో చేరాను, 2023 మేలోపు సినాప్సిస్, అంటే థీసిస్ ప్రణాళిక, ఇవ్వాలి. ఆ ఆరు నెలల్లో సగం వార్డు పని నేర్చుకోవడానికే పోతుంది. నైట్ డ్యూటీ దిగొచ్చి జర్నల్ తెరిస్తే ఒక్క వాక్యం బుర్రకెక్కదు. అందుకే టాపిక్ కోసం జర్నళ్లకంటే ముందు ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టరు తిరగేయాలి. గైడ్ సార్ చెప్పిందీ అదే: "గత రెండేళ్ల రిజిస్టరు ముందేసుకుని లెక్కపెట్టు నాన్నా. మనకి రాని కేసు మీద థీసిస్ పెట్టుకుంటే మూడేళ్లూ ఏడుస్తావు." రిజిస్టర్లో హైడ్రోసీల్ అని ఉన్నవన్నీ పనికిరావు. చిన్నపిల్లలవి తీసేయాలి, వాళ్లకి చేసేది హెర్నియాటమీ అనే వేరే ఆపరేషన్. హెర్నియాతో కలిసి ఉన్నవి, ఒకసారి ఆపరేషనై తిరగబెట్టినవి, చీము పట్టినవి, వృషణంలో గడ్డ అనుమానం ఉన్నవి తీసేయాలి. సుగరు అదుపులో లేనివాళ్లని ఉంచాలో తీయాలో ముందే తేల్చుకోవాలి. అన్నీ తీసేశాక దాదాపు సగం మిగులుతాయి. ఏడాదిలో ఎంతమందిని చేర్చుకోగలరో ఆ సగమే చెప్తుంది.

శాంపిల్ సైజు, అంటే ఎంతమంది రోగులు కావాలన్న లెక్కని స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లకముందు ఒక్కసారైనా మీ చేత్తో వేయండి. అర్థమవడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. 95 శాతం కాన్ఫిడెన్స్‌కి 1.96, 80 శాతం పవర్‌కి (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశానికి) 0.84. రెండూ కూడి వర్గం చేస్తే 7.84. ఒక గుంపులో 35 శాతం మందికి, రెండో గుంపులో 10 శాతం మందికి వాపో రక్తం గడ్డో వస్తుందనుకుంటే, 0.35ని 0.65తోనూ 0.10ని 0.90తోనూ గుణించి కూడితే 0.3175. తేడా 0.25, దాని వర్గం 0.0625. 0.3175ని 0.0625తో భాగించి 7.84తో గుణిస్తే 39.8, అంటే గుంపుకి 40 మంది. అదే 35 బదులు 25 అనుకుంటే గుంపుకి 97 మంది కావాలి. పాత పేపర్లలోంచి మీరు ఏ శాతం ఎత్తుకున్నారన్నదాని మీదే మీ రెండేళ్ల కష్టం ఆధారపడి ఉంది. అందుకే ఆ పాత పేపరులోని రోగులు మన రోగుల్లాంటివాళ్లేనా, ఫైలేరియా ఉన్న ప్రాంతంలో చేశారా, ఇబ్బంది అంటే వాళ్లు దేన్ని లెక్కపెట్టారు, ఈ మూడూ చదివి మరీ తీసుకోవాలి.

ఫాలోఅప్‌లో తప్పిపోయేవాళ్ల కోసం అందరూ 10 శాతం కలుపుతారు. అలా అయితే గుంపుకి 45. డెల్టాలో అది చాలదు. 20 శాతం తప్పిపోతారనుకుని గుంపుకి 50 పెట్టాం, మొత్తం 100. ఎక్కువ పెట్టుకున్నారని సినాప్సిస్ రోజున డిపార్ట్‌మెంట్‌లో కొందరు పెదవి విరిచారు. ఆ అదనపు పదిమంది లేకపోతే చివర్లో లెక్క నిలిచేది కాదు.

ఎథిక్స్ కమిటీ మా దగ్గర రెండు నెలలకోసారి కూర్చుంటుంది. కాగితాలు మూడు వారాల ముందే చేరాలి. ఆ తేదీ దాటితే ఇంకో రెండు నెలలు ఖాళీ. ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేస్తామో రాసిన పత్రం), రోగికిచ్చే సమాచార పత్రం, అంగీకార పత్రం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, కేసు రికార్డు ఫారం, గైడ్‌దీ మీదీ బయోడేటాలు, జీసీపీ (మనుషుల మీద పరిశోధన సరిగ్గా చేసే పద్ధతి) శిక్షణ సర్టిఫికెట్లు, ఖర్చు ఎవరు పెడతారో రాసిన కాగితం, ఇవన్నీ సభ్యులందరికీ తలో సెట్టు. జిరాక్సు, బైండింగు కలిపి రెండు వేలు దాటింది. జీసీపీ సర్టిఫికెట్ పాతబడితే వెనక్కి పంపుతారు, ముందే చూసుకోండి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ అధ్యక్షులు ఆ సంస్థకి బయటివాళ్లై ఉండాలి, కోరం కనీసం ఐదుగురు, అందులో వైద్యులు కానివాళ్లూ ఉండాలి. గట్టి ప్రశ్నలు వాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. "ఈ రక్తపరీక్షలో ఫైలేరియా ఉందని తేలితే ఆ మనిషికి మీరు ఏం చేస్తారు? కాగితంలో లేదేం?" అని ఒకరు అడిగారు. పాజిటివ్ వచ్చినవాళ్లకి ఫైలేరియా మందు డీఈసీ మాత్రలు కిలో బరువుకి రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున 12 రోజులు ఇస్తామని, ఎవరు రాస్తారో ఎవరు చూస్తారో ప్రోటోకాల్లో చేర్చాం. "ఆరు నెలలకి మళ్లీ రమ్మంటున్నారు. ఆ రోజు కూలి సంగతి?" అని ఇంకొకరు. చికిత్సకి అవసరం లేని పరీక్ష ఖర్చు రోగి మీద పడకూడదు, పరిశోధన కోసం రప్పిస్తే దారి ఖర్చు మనం ఇవ్వాలి. ఈ రెండూ రాతపూర్వకంగా చేర్చాకే అనుమతి వచ్చింది. మీటింగు నుంచి సంతకమైన ఉత్తరం చేతికి రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో వార్డులో మంచి కేసులు కళ్లముందే డిశ్చార్జి అయి వెళ్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఒక్కరినీ చేర్చుకోకూడదు.

అక్కడితో తలుపు తెరుచుకున్నట్టు కాదు. రోగుల్ని రెండు గుంపులుగా విడగొట్టి వేర్వేరు పద్ధతులు చేస్తున్నాం కాబట్టి సీటీఆర్‌ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందు చేసిన రిజిస్ట్రేషనే తీసుకుంటున్నారు, వెనకటి తేదీ ట్రయల్స్ ఒప్పుకోరు. ఫీజు లేదు. ఫారం మాత్రం పెద్దది. పీజీ థీసిస్ అవునా కాదా అన్న గడి ఉంటుంది. యాదృచ్ఛిక క్రమం (ఎవరు ఏ గుంపులోకి అన్న లాటరీ వరస) ఎలా తయారు చేశారు, దాన్ని ఎలా దాచారు, ఎవరికి తెలియకుండా ఉంచారు, ప్రధాన ఫలితం ఏమిటి, ఏ రోజున కొలుస్తారు అని విడివిడిగా అడుగుతారు. ఎథిక్స్ ఉత్తరంలోని శీర్షికకీ ఫారంలోని శీర్షికకీ ఒక్క పదం తేడా ఉన్నా ప్రశ్న వస్తుంది. "శస్త్రచికిత్స తర్వాత ఇబ్బందులు" అని వదులుగా రాస్తే సరిపోదు. ఏ ఇబ్బంది, ఏ కొలతతో, ఎన్నో రోజున అని రాయాలి. మాకు రెండుసార్లు ప్రశ్నలు వచ్చాయి, జవాబిచ్చిన ప్రతిసారీ రెండు మూడు వారాలు. మొదటి రోగిని చేర్చే తేదీ అని ఫారంలో వేసిన రోజు ఈలోపు దాటిపోతుంది, దాన్ని ముందుకు జరపడం మర్చిపోవద్దు. 2023 ఆగస్టు చివర్లో నంబరొచ్చింది, సెప్టెంబరులో మొదలుపెట్టాం.

ఫైలేరియా పరీక్షలు రెండు పెట్టుకున్నాం: రాత్రి రక్తం స్లయిడు, యాంటిజెన్ స్ట్రిప్పు. స్ట్రిప్పులు మందుల షాపులో దొరికే వస్తువు కాదు, ఎక్కువగా ప్రభుత్వ కార్యక్రమం ద్వారానే నడుస్తాయి. డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం, ప్రిన్సిపాల్ సంతకం, అక్కడి నుంచి జవాబు, ఇలా రెండు నెలలు పట్టింది. ఎథిక్స్ అనుమతి రాగానే ఆ ఉత్తరం పెట్టేయండి, సీటీఆర్‌ఐ నంబరు వచ్చేవరకూ ఆగితే రోగి ఉంటాడు, స్ట్రిప్పు ఉండదు.

స్ట్రిప్పుకి 75 మైక్రోలీటర్ల రక్తం, కిట్టులో వచ్చే చిన్న గొట్టంతో వేలి కొస నుంచి తీసుకోవాలి. వేలు గట్టిగా పిండితే కణజాల ద్రవం కలుస్తుంది. కొబ్బరి దింపు చేసేవాళ్ల వేళ్ల చర్మం మందంగా ఉంటుంది, నడిమి వేలికో ఉంగరపు వేలికో పక్కవైపు గుచ్చాలి, ముందు గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి ముంచమనాలి. రక్తం మెల్లగా వదలాలి, ఒక్కసారిగా వదిలితే పొంగి పక్కకి పోతుంది. టైమరు పెట్టి సరిగ్గా 10 నిమిషాలకి చదవాలి. ఆ తర్వాత చదివితే లేని గీత కనపడవచ్చు. టీకి వెళ్లొచ్చి చూసి పాజిటివ్ అని రాసిన స్ట్రిప్పు థీసిస్‌ని పాడు చేస్తుంది. లేత గీతైనా గీతే, కానీ వార్డు చివర మసక లైటు కింద అది కనపడదు. డ్రెస్సింగ్ రూములో ట్యూబులైటు కిందే చదివాం.

స్లయిడు సంగతి పూర్తిగా వేరు. మన దగ్గరి పురుగు ఉచెరేరియా బాంక్రాఫ్టీ. దాని పిల్లలు రాత్రి పూటే వేళ్ల దాకా రక్తంలో తిరుగుతాయి కాబట్టి 10 నుంచి 2 గంటల మధ్య తీయాలి. ఆపరేషన్ ముందురోజు రాత్రి రోగి ఎలాగూ వార్డులోనే ఉంటాడు, అప్పుడే తీశాం. ఒక్కో గీతకి 20 మైక్రోలీటర్లు, స్లయిడు మీద మూడు గీతలు. పేరూ నంబరూ గరుకు అంచు మీద పెన్సిల్‌తో రాయాలి. మార్కరుతో రాస్తే మిథనాల్‌లో మొత్తం కరిగిపోయి, ఉదయానికి ఎవరి స్లయిడో తెలియని గాజుముక్కలు మిగులుతాయి.

మందంగా వేసిన రక్తం మన తేమలో గంటలోనో రెండు గంటల్లోనో ఆరదు. వర్షాకాలంలో తెల్లారేదాకా తడి ఉంటుంది. ఈలోపు చీమలు, బొద్దింకలు వచ్చి తినేస్తాయి, ఇది నిజంగా జరిగేదే. మూతున్న స్లయిడు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని నీళ్లు పోసిన పళ్లెంలో ఎత్తుపీట మీద ఉంచాలి. ఫ్యాను గాలి చాలు. బల్బు కింద వేడిచేస్తే రక్తం స్లయిడుకి అతుక్కుపోయి తర్వాత రంగు వదలదు. ఆరాక మామూలు నీళ్లలో నిలువుగా ముంచి, ఎరుపంతా పోయేదాకా ఉంచాలి. ఈ కడగడానికి ముందు మిథనాల్ తగలకూడదు, తగిలితే ఎర్రకణాలు అక్కడే బిగుసుకుపోయి కింద ఏమీ కనపడదు. కడిగి ఆరబెట్టాక అప్పుడు మిథనాల్, తర్వాత జీమ్సా రంగు. జీమ్సాలో బాంక్రాఫ్టీ తొడుగు సరిగ్గా రంగు పట్టదు, తొడుగు లేదని తొందరపడి రాయకండి. తోక కొసలో కేంద్రకాలు లేకపోవడం చూసి గుర్తుపట్టాలి. పాథాలజీ మేడమ్ పక్కన కూర్చోబెట్టుకుని పాత పాజిటివ్ స్లయిడ్లు చూపించారు, దానివల్లే ధైర్యం వచ్చింది.

మానసికంగా సిద్ధపడాల్సింది ఇంకొకటుంది. వరిబీజం ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో ఈ పిల్లపురుగులు దొరకవు, జబ్బు ముదిరేసరికి అవి రక్తంలోంచి మాయమవుతాయి. రాత్రులు మేల్కొని తీసిన స్లయిడ్లు వరసగా నెగిటివ్ వస్తుంటే ఎందుకీ చాకిరీ అనిపిస్తుంది. నెగిటివ్ కూడా ఫలితమే, దాన్ని పాజిటివ్ తీసినంత శ్రద్ధగానే తీయాలి. దొరకని అనుమానాస్పద కేసుల్లో నాట్ పద్ధతి చేశాం: 1 మిల్లీలీటరు రక్తాన్ని 9 మిల్లీలీటర్ల 2 శాతం ఫార్మలిన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున మిగిలింది చూడటం. ఎక్కువ రక్తంలో వెతుకుతాం కాబట్టి తక్కువ సంఖ్యలో ఉన్నవీ బయటపడతాయి.

అంగీకార పత్రం ఓపీలో తీసుకోకూడదు. ఓపీలో మగవాళ్లు ఈ జబ్బు గురించి తలెత్తి మాట్లాడరు, వెనక క్యూ ఉంటుంది. అడ్మిట్ అయిన సాయంత్రం, పక్క మంచం వాళ్లకి వినపడకుండా విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. "రెండు రకాలూ ఎప్పటినుంచో చేస్తున్న ఆపరేషన్లే. మీకు ఏది చేయాలన్నది డాక్టరు ఇష్టం కాదు, మీ ఇష్టం కాదు, కవరులో వచ్చిందాన్ని బట్టి. వద్దంటే మామూలుగానే ఆపరేషన్ చేస్తాం, తేడా ఉండదు." ఈ నాలుగు మాటలూ చెప్పి, ఆయన చేతనే తిరిగి చెప్పించుకోవాలి. చదువురాని వాళ్లయితే మన టీములో లేని సాక్షి ఉండాలి, వేలిముద్రతో పాటు సాక్షి సంతకం, తేదీ, టైము. వార్డు నర్సు సాక్షిగా పనికిరారు అన్నారు మా కమిటీ వాళ్లు. పక్క రోగి తాలూకు చదువుకున్న మనిషిని అడిగేవాళ్లం. సంతకమైన కాపీ ఒకటి రోగికి ఇచ్చి తీరాలి. ఆ కాపీలో వరిబీజం అని పెద్దక్షరాలు కనపడకుండా మడిచి కవరులో పెట్టి ఇచ్చాం, ఇంట్లో పిల్లల కంట పడుతుందని వాళ్ల బాధ.

ఎవరికి ఏ పద్ధతి చేయాలో రాసి ఉన్న కవర్ల విషయంలో గట్టిగా ఉండాలి. యాదృచ్ఛిక క్రమం వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు కంప్యూటరులో తీసి, లైటుకి పెట్టినా కనపడని మందపాటి కవర్లలో వరస నంబర్లతో అంటించి ఇచ్చారు. బ్లాకు సైజు (ఎంతమందికోసారి రెండు గుంపులూ సమానమవుతాయో) మాకు చెప్పలేదు. కవరు ఓటీలో, మత్తు ఇచ్చి కోత పెట్టి సంచి బయటికి తీసి, చేర్చుకోదగ్గ కేసే అని సర్జన్ నిర్ధారించాకే తెరవాలి. ముందే తెరిస్తే సంచి మందంగా కనపడగానే ఇది కోసి తీసేద్దాం అన్న బుద్ధి పుడుతుంది, గుంపులు కలగాపులగం అవుతాయి. ఫైలేరియా ప్రాంతంలో సంచి కోసి తీయడమే మేలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు అందరి మనసులోనూ ఉంటుంది కూడా. కవరు మీద రోగి నంబరు, తేదీ, టైము రాసి ఫైల్లో పెట్టాలి. చిరిగిన కవర్లు కూడా పారేయకూడదు.

సర్జరీ గురించి రెండే ముక్కలు. సంచి తీసేటప్పుడు వృషణం, ఎపిడిడిమిస్ (వృషణం వెనకుండే వీర్యకణాల గొట్టం) చుట్టూ సెంటీమీటరు అంచు వదిలి, కోసిన అంచంతా విడవకుండా లాకింగ్ కుట్టు వేయాలి. అక్కడి నుంచే రాత్రికి రక్తం కారి గడ్డ కడుతుంది. ఎవరు ఆపరేట్ చేస్తారన్నది ప్రోటోకాల్లో రాయాలి, ఒక పద్ధతి సీనియర్లూ ఇంకోటి జూనియర్లూ చేస్తే మీరు కొలిచేది పద్ధతుల తేడా కాదు, చేతుల తేడా. నీరు ఎంతో కొలవడానికి సక్షన్ బాటిల్ గీతల్ని నమ్మకండి, 50 మిల్లీలీటర్ల సిరంజితో లాగి లెక్కపెట్టాం.

తీసిన సంచిని హిస్టోపాథాలజీకి, అంటే కణజాల పరీక్షకి, పంపడం చిన్న పని అనుకుంటాం, ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది అక్కడే. 10 శాతం ఫార్మలిన్ అంటే షాపులో దొరికే ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లకి 900 నీళ్లు. బఫరు చేయాలంటే లీటరుకి సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. కణజాలానికి కనీసం పది రెట్లు ద్రావణం ఉండాలి. ఇంజెక్షన్ సీసాలో కుక్కి పంపితే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. సంచి పొర ముడుచుకుపోతుంది, గట్టి కాగితం మీద పరిచి ముంచితే అడ్డకోత సరిగ్గా వస్తుంది. పేరు సీసా ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

ఇక ఫాలోఅప్. 7వ రోజు, 30వ రోజు, ఆరు నెలలు. 30వ రోజు ఎందుకంటే ఆపరేషన్ గాయంలో ఇన్ఫెక్షన్ అని లెక్కపెట్టడానికి ఒప్పుకున్న గడువు అది. 7వ రోజు అందరూ వస్తారు, నొప్పి ఉంటుంది కాబట్టి. 30వ రోజుకి పనిలో పడతారు. ఆరు నెలలకి బాగున్నవాడు ఎందుకొస్తాడు?

అడ్మిషన్ రోజునే మూడు ఫోన్ నంబర్లు తీసుకున్నాం, అక్కడే వార్డులోంచి రింగు ఇచ్చి పనిచేస్తున్నాయో లేదో చూశాం. ప్రతి నంబరు పక్కనా ఆ మనిషి ఎవరు, వాళ్లకి విషయం తెలుసా లేదా అన్నది రాయాలి. ఇది ఎంత ముఖ్యమో ముందు ఎవరూ చెప్పరు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకాయన స్పష్టంగా అన్నారు: "మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలవదండి. ఇంటికి ఆశా అమ్మాయిని మాత్రం పంపకండి బాబూ." పన్నెండేళ్లు పంచె కింద దాచుకుని తిరిగిన జబ్బు అది. కోడలు ఫోనెత్తితే హైడ్రోసీల్ ఆపరేషన్ గురించి అని మనం నోరు జారితే ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కడు, తొక్కకపోవడమే న్యాయం. "ఆసుపత్రి నుంచి, చెకప్ తేదీ గుర్తుచేయడానికి" అన్న మాట వరకే చెప్పాలని ఫోన్ చేసే ఇంటర్న్‌లందరికీ కాగితం మీద రాసిచ్చాం.

రమ్మన్న తేదీ మన క్యాలెండరు ప్రకారం కాదు, వాళ్ల క్యాలెండరు ప్రకారం పెట్టాలి. సార్వా కోతల్లో, దాళ్వా నాట్లలో ఎవరూ రారు. "ఆయ్, కోతలైపోయాక వత్తానండి" అంటే నిజంగానే వస్తారు, అది తప్పించుకునే మాట కాదు. రొయ్యల చెరువు పట్టుబడి రోజున అసలే రారు. అందుకే ఆరు నెలల విజిట్‌కి అటూఇటూ నాలుగు వారాల గడువు ప్రోటోకాల్లో ముందే పెట్టుకోండి. అటూఇటూ వారం అని పెట్టుకున్న మా సీనియర్ ఒకరు ప్రతి రోగికీ ఎథిక్స్ కమిటీకి డీవియేషన్ (ప్రోటోకాల్ తప్పినట్టు) రిపోర్టు రాయాల్సి వచ్చింది. 2024 జులైలో గోదావరికి వరదొచ్చి లంక గ్రామాల వాళ్లు కదల్లేకపోయారు, ఆ గడువే మమ్మల్ని కాపాడింది. ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టరు హత్యాచార ఘటన తర్వాత జూనియర్ డాక్టర్లం విధులు ఆపినప్పుడు ఎలక్టివ్ (అత్యవసరం కాని) ఆపరేషన్లన్నీ వాయిదా పడ్డాయి. చేర్చుకోవడం వెనకబడింది, ఫాలోఅప్‌కి వచ్చినవాళ్లని మాత్రం వెనక్కి పంపకుండా చూసుకున్నాం.

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లని ముందే అడిగి తెలుసుకోవాలి, వీసా ఎప్పుడని. ఆరు నెలల్లోపు వెళ్లిపోయేవాళ్లని చేర్చుకోవాలా వద్దా అన్నది మొదటి రోజే నిర్ణయించాలి. వెళ్లిపోయినవాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడాం, బాగుందన్నారు. కానీ ఫోన్లో బాగుందన్నది పరీక్ష చేసి బాగుందన్నదానితో సమానం కాదు. పట్టికలో దానికి వేరే గడి ఉండాలి. సంక్రాంతికి ఊరొచ్చే వాళ్లని పండగ మూడు రోజులయ్యాక పిలిస్తే వచ్చారు.

దారి ఖర్చు మనిషికి 200 నుంచి 400 దాకా అయింది, అంతర్వేది వైపు నుంచి రెండు ఆటోలు, బస్సు మారి వచ్చేవాళ్లకి ఇంకాస్త. కాలేజీ నుంచి కొంత, గైడ్ సార్ నుంచి కొంత, మిగతాది స్టైపెండ్ నుంచి. వోచరు మీద సంతకం తీసుకోవాలి. డబ్బు కంటే ఎక్కువ పనిచేసింది ఇంకోటుంది: వచ్చిన రోజున ఓపీ క్యూలో నిలబెట్టకుండా నేరుగా చూసి, గంటలో పంపేయడం. స్కానింగుకి ముందే టైము మాట్లాడిపెట్టుకోవాలి. ఒక్కసారి మూడు గంటలు కూర్చోబెడితే ఆ రోగి, ఆయన ఊరి నుంచి వచ్చే ఇంకో ఇద్దరూ పోయినట్టే.

ఫాలోఅప్‌లో వాపు చూసేవాళ్లకి ఏ పద్ధతి చేశారో తెలియకూడదు. కేసు షీటు తెరిస్తే తెలిసిపోతుంది. అందుకని రోగి నంబరు మాత్రమే ఉన్న విడి ఫారం, వేరే యూనిట్ డాక్టరు చేత నింపించాం.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ఈ పథకంలో పెద్ద గొయ్యి. మూడు నెలలు మిమ్మల్ని జిల్లా ఆసుపత్రికి పంపుతారు, ఆ మూడు నెలలూ మీ ఫాలోఅప్‌లు వస్తూనే ఉంటాయి. వెళ్లేముందు రాబోయే తేదీలన్నీ గోడ క్యాలెండరు మీద రాసి, జూనియర్ పీజీకి ఒక్కో కేసూ వివరించి, ఆ పేరుని ఎథిక్స్ కమిటీకి కో-ఇన్వెస్టిగేటర్‌గా తెలిపి వెళ్లాలి. తెలియజేయకుండా వేరేవాళ్లు రోగి సమాచారం ముట్టుకోవడం కుదరదు.

డేటా ఎక్సెల్‌లో ఒక రోగికి ఒక వరస. "కొంచెం వాపు", "స్వల్పం", "+" అని మూడు రకాలుగా రాస్తే కంప్యూటరుకి అవి మూడు వేరే జబ్బులు. 0, 1, 2 అని కోడ్ పెట్టి, ఏ అంకె దేనికో వేరే షీటులో రాసుకోవాలి. తేదీలే ప్రాణం తీస్తాయి: 05-06 అన్నది ఒక కంప్యూటరులో జూన్ 5, ఇంకోదాంట్లో మే 6. నెలని అక్షరాల్లో రాయండి. పట్టికలో ఏ గడిలోనైనా రావలసిన అంకె 5 కంటే తక్కువుంటే కై-స్క్వేర్ కాదు, ఫిషర్స్ టెస్టు. ఆసుపత్రిలో ఉన్న రోజులు లాంటివి ఒకవైపు ఒరిగి ఉంటాయి, సగటు బదులు మీడియన్ (వరసలో నడిమి విలువ) ఇవ్వాలి. స్టాటిస్టీషియన్‌కి ఐదారు వేలు ఇచ్చాను. ఆ డబ్బుకి పట్టికలు మాత్రమే కాదు, ప్రతి పరీక్షా ఎందుకు వాడారో కూర్చోబెట్టి చెప్పించుకోండి. వైవాలో అడిగేది మిమ్మల్నే. తప్పిపోయినవాళ్లని దాచకుండా కన్సార్ట్ (ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకం) బొమ్మలో ఎంతమంది, ఎందుకు అన్నది చూపించాలి. కన్సార్ట్ 2025 ఏప్రిల్‌లో కొత్తగా మారింది, 30 అంశాలున్న ఆ జాబితానే తీసుకోండి.

రాత పని మార్చి నుంచి మే దాకా. పోలిక శాతం (ఇతరుల రాతతో కలిసే వాక్యాల లెక్క) 10 లోపు ఉండాలి. నిర్వచనాలు, పద్ధతుల భాగంలోనే పోలికలు ఎక్కువ పడతాయి, సీనియర్ థీసిస్ తెరిచి పెట్టుకుని రాస్తే తప్పకుండా పడతాయి. ప్రింటు, బైండింగు కాపీకి ఏడెనిమిది వందలు, ఆరు కాపీలు వేశాను. చివరి పరీక్షకి ఆరు నెలల ముందే థీసిస్ చేరాలి, కాబట్టి ఆఖరి రోగి ఆరు నెలల విజిట్ ఎప్పుడు అయిపోవాలో అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని చేర్చుకోవడం ఆపాలి. మాది 2024 నవంబరులో ఆపాం.

సబ్మిషన్ అయ్యాక కూడా మూడు పనులున్నాయి, వీటిని చాలామంది వదిలేస్తారు. సీటీఆర్‌ఐలో ట్రయల్ పూర్తయిందని మార్చాలి. ఎథిక్స్ కమిటీకి ముగింపు నివేదిక ఇవ్వాలి, మా కమిటీకి దాన్ని చదివి సంతకం పెట్టడానికి ఇంకో మీటింగు పట్టింది. అంగీకార పత్రాలు, కవర్లు, కేసు ఫారాలు కనీసం మూడేళ్లు తాళం వేసి ఉంచాలి, పీజీ వెళ్లిపోతాడు కాబట్టి తాళం గైడ్ దగ్గర ఉండాలి. నేను ఇంకోటి కూడా చేస్తున్నాను: పరిశోధనలో ఏం తేలిందో రోగులకి అర్థమయ్యే మాటల్లో అరపేజీ రాసి, కమిటీకి చూపించి, ఫోన్ చేసి చదివి వినిపిస్తున్నాను. వినడానికి ఇష్టపడతారో లేదోనని మొదలుపెట్టాను, చాలామంది ప్రశ్నలు అడుగుతున్నారు. "మరి మా తమ్ముడికీ ఉందండి, ఏ రకం చేయించమంటారు?" అని అడిగినవాళ్లకి, ఆయన్ని తీసుకుని మంగళవారం ఓపీకి రమ్మని చెప్తున్నాను.